నేరేడు రసం పోసిన రెండు ఆదివారాలు

మా గుడారి ఊరి క్రైస్తవ సంఘంలో ప్రతివాళ్ళకీ ఒక పని ఉండేది. ఆ పని చేస్తున్నప్పుడు ఎవరైనా చూస్తున్నారా లేదా అని ఓరకంట కనిపెట్టే అలవాటూ ఉండేది. చాపలు పరిచే రాముడు ఆఖరి చాప పరిచాక నడుం పట్టుకుని, గుడి అంతటికీ వినబడేలా ఒక మూలుగు మూలిగేవాడు. వాక్యం చదవడం నా పని. చదివేది పది వచనాలు, గొంతు సవరించుకునేది పదిహేను సార్లు అని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది. మిషను బడి మాస్టరుకి ఆ మాత్రం ఉండాలి కదా అని నేను అనుకునేవాణ్ణి. పుణ్యవతమ్మ పని ద్రాక్షరసం.

ప్రభువు బల్ల దగ్గర, క్రీస్తు రక్తానికి గుర్తుగా తలా ఒక గుక్క తాగే గిన్నెలో పోసే రసం అది. వంశధార ఒడ్డున వరి పండుతుంది, మెట్టల మీద చోళ్ళు పండుతాయి గానీ ద్రాక్ష ఎక్కడిది? బజారులో దొరికే ఎండు కిస్మిస్ పళ్ళే దిక్కు. శుక్రవారం సాయంత్రం వాటిని ఏరి, కడిగి, కొత్త కుండలో నానబెట్టేది. శనివారం పొద్దున్న ఆ నీళ్ళతోనే సన్నని సెగ మీద కాచి, చల్లార్చి, చేత్తో పిసికి, తెల్లటి గుడ్డలో వడగట్టేది. ఆ గుడ్డ ఇంకే పనికీ వాడేది కాదు. పిసుకుతున్నంతసేపూ నోరు విప్పేది కాదు. ఎవరైనా వస్తే గడ్డంతో పీట చూపించేది.

ఆదివారం ఆ సీసా పట్టుకుని గుడికి వచ్చే తీరు చూడవలసిందే. బల్ల పక్కనే చిన్న గుమ్మం ఒకటి ఉంది. అటునుంచి వస్తే నాలుగు అడుగుల్లో పని అయిపోతుంది. పుణ్యవతమ్మ అలా వచ్చేది కాదు. అందరూ కూర్చున్నాక పెద్ద గుమ్మంలోంచి, ఆడవాళ్ళ చాపలకీ మగవాళ్ళ చాపలకీ మధ్య దారిలో, నెత్తిన నిండు బిందె ఉన్నదానిలా మెడ కదల్చకుండా నడిచి వచ్చేది. ఆ నడక చూసి పాపాయమ్మ ప్రతిసారీ పక్కామెను మోచేత్తో పొడిచేది. పాపాయమ్మది పుణ్యవతమ్మ పక్కిల్లు. ఆ ఇద్దరి మధ్యా ఉన్నది స్నేహమో పోటీయో నాకు ఇన్నేళ్ళైనా తేలలేదు.

పుణ్యవతమ్మ పుట్టింది పాతపట్నం దగ్గర పల్లెలో. పెళ్ళై గుణుపురం పక్కన సేద్యం చేసుకునే ఇంటికి వచ్చింది. ఒరిస్సా వేరే రాష్ట్రం అయిన ఏడు, ముప్పై ఆరులో, మొగుడితో పాటు బాప్తిస్మం తీసుకుని గుడారి చేరింది. ఆ ఏడే మా సంఘం మొదలైంది. మూడేళ్ళకే మొగుడు చలిజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. మరుదులు పొలం దున్నుకుంటూ ఏటా గింజలు పంపేవారు. ఆమెకి మిగిలినవి ఒక గది ఇల్లు, ఒక కుండ, ఒక గుడ్డ, "రసం పుణ్యవతమ్మ" అన్న పేరు. ఎవరికైనా ఏదో ఒకటి ఉండాలి కదా.

అరవై ఒకటిలో మా సంఘానికి ఇరవై ఐదేళ్ళు నిండాయి. పండుగ తలపెట్టాం. అప్పుడే కొత్తగా వచ్చిన పాస్టరు మన్మథరావుగారు. పేరు అదైనా మనిషి మహా భయస్థుడు. ఆయన భయమంతా మాకు పంచిపెట్టేలా ప్రసంగాలు చేసేవారు. పండుగకి మూడు వారాల ముందు ఆయన న్యాయపీఠం గురించి చెప్పారు. విశ్వాసులు కూడా క్రీస్తు ఎదుట నిలబడాలనీ, అక్కడ మన సేవని నిప్పులో పెట్టి చూస్తారనీ అన్నారు. ఎంత చేశావని ఆ నిప్పు అడగదు, ఎందుకు చేశావని అడుగుతుంది. మనుషుల మెప్పు కోసం చేసిందంతా ఎండుగడ్డిలా భగ్గుమంటుంది. మనిషి దక్కుతాడు గానీ, కాలుతున్న ఇంట్లోంచి పారిపోయినవాడిలా ఒట్టి చేతులతో దక్కుతాడు.

 పాస్టరుగారు చెమట తుడుచుకుని, అదే ఊపులో, పండుగనాడు ఇరవై ఐదేళ్ళు తప్పకుండా రసం చేసిన పుణ్యవతమ్మకి పెద్దల చేత శాలువా కప్పిస్తామనీ, సన్మాన పత్రం మాస్టారు రాస్తారనీ ప్రకటించారు. అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూశారు. ఎప్పుడూ లేనిది, ఆమె తల వంచుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. సంతోషం అనుకున్నాం.

సోమవారం బడి వదిలాక మా అరుగు మీదికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి.

"పత్రం మీరేనట గదా మాస్టారూ రాసేది?"

"నేనేనమ్మా."

"ఎంత రాసేరు?"

"ఒక పేజీ."

"సగం కొట్టీండి."

"అయ్యో, అచ్చుకి పంపాలి కదా!"

"ఇరవయ్యైదేళ్ళు తప్పకండా అని రాసేరేటి?"

"రాశాను. పాస్టరుగారు చెప్పిన మాటే."

"అది మొదట కొట్టీండి."

నేను నవ్వి, "అదీ కొట్టేస్తే ఇంక మీ పేరే మిగులుతుంది" అన్నాను.

"పేరే గదా బాబూ నా పేణానికొచ్చింది!" అని, సంచిలోంచి ఒక పాత మాల్టు డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత తీసి చూస్తే అడుగున ఏవో నల్లగా, గట్టిగా, మేక పెంటికల్లాగా ఉన్నాయి. నేను ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ దూరంగా జరిపాను.

"కిసిమిసి పళ్ళు మాస్టారూ. పదిహేడేళ్ళయింది."

అప్పుడు చెప్పింది. నలభై మూడులో, యుద్ధం రోజుల్లో, బస్సులు బొగ్గు మీద నడిచేవి. నడిచిన రోజు నడిచేవి, లేని రోజు లేదు. అప్పటి పాస్టరుగారు ఏడాదికి ఒక్కసారే, జూన్‌లో, వచ్చి బల్ల ఇచ్చి వెళ్ళేవారు. ఆ ఏడు ఆయన వస్తారని కబురు అందేసరికి బజారులో కిస్మిస్ లేదు. దుకాణం వేంకటరమణ "కాబూలు సరుకు బందమ్మా, ఏ పూజకైనా లేదు" అన్నాడట. రాయగడకి బస్సు డ్రైవరు చేత కబురు పెట్టింది. అతను ఒట్టి చేతులు ఊపుకుంటూ వచ్చాడు. సంతలో మాత్రం కొండ ఆడవాళ్ళు డొప్పల్లో నేరేడు పళ్ళు అమ్ముతున్నారు.

"మల్లేశు ఉపదేశికి ఒక మాట చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా" అన్నాను. మల్లేశు అప్పట్లో మా ఊళ్ళోనే ఉండి సంఘాన్ని చూసుకునే ఉపదేశి.

"సెప్తే ఏటవుద్ది? బల్ల వాయిదా పడుద్ది. పుణ్యవతమ్మకి రసం దొరకనేదంట అని ఊరంతా అనుకోదేటి? పాపాయి అయితే పాటే కడుద్ది."

నేరేడు పళ్ళు పిసికి, బెల్లం ముక్క వేసి కాచి, మూడుసార్లు వడగట్టింది. పాస్టరుగారు గిన్నెలో పోస్తూ ఆ రంగు చూసి ఆగిపోయారు. ఆరాధన అయ్యాక అందరి ముందూ, "రాయగడలో కూడా ఇలాంటి రసం నేను చూడలేదు" అన్నారు. ఆ మాట నాకూ గుర్తే. నేను కూడా వెళ్ళి పొగిడాను.

"సరేనమ్మా. దొరక్క పోశారు. దానికి పదిహేడు, పద్దెనిమిదేళ్ళు..."

"ఉండండి." ఆమె డబ్బా తన వైపు లాక్కుంది. "ఆ మరసటేడు వేంకటరమణే పిలిచి, 'నీ పూజకి తెప్పించేనమ్మా' అని పొట్లం సేతిలో ఎట్టేడు. ఇవే ఇయి. ఇంటికి తెచ్చి ఇప్పి సూసేను. ఈటి రసం ఎలగుంటాదో నాకు తెల్దా? గోధుమరంగు నీళ్ళు. పోయినేడు అలగ పొగిడినోళ్ళు ఈ ఏడు ఏటంతారు అనిపించింది. పొట్లం డబ్బాలో ఏసి మూత ఎట్టీసి, సంతకి ఎల్లిపోనాను."

డబ్బా మూత బిగించి పెట్టింది.

"మొదటిసారి పళ్ళు లేక పోసేను మాస్టారూ. రెండోసారి ఉండి పోసేను."

నేరేడు కూడా దేవుడు చేసిన పండే కదా అని ఒక తేలిక మాట అన్నాను.

"పండు ఆయనదే బాబూ. పొగడ్త నాది."

ఆ తర్వాత ఏటా కిస్మిస్ రసమే చేసింది. ఏటా పాపాయమ్మ పెదవులు చప్పరించి, "రసం బాగానే ఉన్నాది గానీ ఒలే, యుద్ధంలో ఆ రెండేళ్ళూ సేసినావు సూడు, అలగ మరి రాదు" అనేది. ఆమె దెప్పడానికి అంటుందని మేమంతా అనుకునేవాళ్ళం. పుణ్యవతమ్మ లోపల ఏమవుతోందో ఎవరికి తెలుసు? ఆ పళ్ళు తినలేక, పారేయలేక, డబ్బాని అటక మీద దాచింది.

"ఇంకోటి ఉన్నాది" అంది లేస్తూ. "గున్నయ్య పెళ్ళాం నారాయణమ్మని ఆ రెండోసారి మంచం మీద మోసుకొచ్చేరు, గేపకం ఉందా? ఆ గిన్నే తాగింది. బుధారం పోనాది. దానికి అదే ఆకరి బల్ల. నా పొగడ్త కోసం దాని నోట్లో నేరేడు నీళ్ళు పోసేను. అక్కడ నిలబెట్టి అడిగితే ఏటి సెప్పాల?"

నేను లోపలికి వెళ్ళి పత్రం తెచ్చి, ఆమె చెప్పిన మాట కొట్టేశాను.

మర్నాడు ఆమె పాస్టరుగారి దగ్గరకు వెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను. గుడికి పాత గడ్డి తీసేసి జింకు రేకులు వేయిస్తున్నారు. పాస్టరుగారు చేతిలో మేకుల పొట్లం, నెత్తి మీద తువ్వాలుతో ఎండలో నిలబడి ఉన్నారు. ఆమె చెప్పింది అంతా విన్నారు. మొహం తెల్లబోయింది.

"తల్లీ, రాయగడ నుంచి పెద్దలు వస్తున్నారు. కార్యక్రమం అచ్చయిపోయింది. పండుగ అయ్యాక మనం కూర్చుని ప్రార్థన చేద్దాం."

"అగ్గి గురించి సెప్పినప్పుడు పండగయ్యాక అన్లేదు గదండీ అయ్యగారూ" అంది పుణ్యవతమ్మ. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆయన మేకుల పొట్లం ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నారు.

అక్కడి నుంచి మల్లేశు ఇంటికి. పని నుంచి విరమించుకుని, చూపు మందగించి, అరుగు మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు మిషను దొరగారు పేరు మార్చుకోమంటే "మాయమ్మ ఎట్టిన పేరండీ" అని ఊరుకున్న మనిషి. పుణ్యవతమ్మ నేరేడు అనే మాట అనగానే ఆయన చేతిలో తాడు ఆగింది.

"తెలుసు సెల్లీ."

"ఏటి తెలుసు?"

"గిన్నెలో మిగిలింది పారబోయకూడదు గదా. ఆకర్న తాగీవోణ్ణి నానే. ఇంటికెల్లి అద్దంలో సూసుకుంటే నాలిక ఊదారంగు. మా ఆడది 'గుడి నుంచి వస్తన్నావా, తోట నుంచి వస్తన్నావా' అనడిగింది."

నాకు చటుక్కున ఒకటి గుర్తుకొచ్చింది. ఆ రెండు ఆదివారాల్లోనూ మల్లేశుకి పన్ను నొప్పి వచ్చింది. సాయంత్రం కూటానికి దవడకి గుడ్డ కట్టుకుని వచ్చి, సైగ చేసి నన్ను మాట్లాడమన్నాడు. ఆ పంటి కోసం నేను సంఘమంతటి తరఫునా లేచి నిలబడి, కన్నీళ్ళతో ప్రార్థన చేశాను.

"పన్ను నొప్పి అబద్ధమా?" అన్నాను.

"పన్ను నా నోట్లో ఉన్నమాట నిజం బాబూ" అన్నాడు మల్లేశు. తర్వాత తల వంచుకున్నాడు. "సరుకులు దొరక్కపోతే రాయగడకి ఉత్తరం రాయమని నాకు పైనుంచి సెప్పేరు. నాను రాయనేదు. రాస్తే నా బద్దకం బయటపడుద్ది. నాలిక సూసుకుని ఏమనుకున్నానో తెలుసా? అమ్మయ్య, నా పని సెల్లి సక్కబెట్టీసింది అనుకున్నాను. ఒక్క గిన్నెకే నువ్విలగ ఏడిస్తే, నానేటి సెయ్యాల సెల్లీ? మా అయ్యగార్లకి నెలనెలా రాసిన రిపోర్టులన్నీ ఒక బండి కాగితాలు. ఎంత మంటవుద్దో సూడు!"

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మళ్ళీ తాడు అందుకుని పేనసాగాడు.

పండుగనాడే, శాలువా కప్పకముందే, అందరి ఎదుటా ఒప్పుకోవాలని పుణ్యవతమ్మ నిశ్చయించుకుంది. ఏం చెప్పాలో నా దగ్గర రెండుసార్లు అప్పచెప్పింది. మొదటిసారి తడబడుతూ చెప్పింది. రెండోసారి బాగా వచ్చింది. నారాయణమ్మ మాట దగ్గర గొంతు పూడుకుపోయి, ఒక్క క్షణం ఆగి, కళ్ళు తుడుచుకుని ముందుకు సాగింది. మా ఇంటావిడ గడప దగ్గర నిలబడి ముక్కు చీదింది. పుణ్యవతమ్మ అది చూసి, చెప్పడం సగంలో ఆపేసింది.

"ఏడుపు ఎక్కడ రావాలో కూడా తెలిసిపోనాది మాస్టారూ నాకు" అంది. మొహం పాలిపోయింది. "సెప్పకపోతే దొంగని. సెప్తే యేసం కట్టినదాన్ని. నిన్న పొయ్యి దగ్గర కూకుని ఆలోసిస్తన్నాను. నాను సెప్పీగానే అందరూ ఏడుస్తారు, పాపాయి అయితే కాళ్ళ మీద పడుద్ది, ఎంత గొప్ప మనిసి అనుకుంతారు అని. ఆ ఆలోసన ఎంత తియ్యగుందో సెప్పలేను. ఎటు తిరిగినా అదే ఎదురవుతాంది. నానేటి సెయ్యాల?"

మాస్టరుగా నేను చాలా ప్రశ్నలకి జవాబులు చెప్పాను, కొన్ని తెలియకుండా కూడా చెప్పాను. దీనికి మాత్రం, "తక్కువ మాటల్లో చెప్పండమ్మా" అన్నాను. 

పండుగ జూలైలో. రాయగడ పెద్దలు వచ్చారు. కొత్త రేకుల కింద గుడి నిండిపోయింది. నా పత్రం నేను చదివాను. ఆమె కొట్టేయమన్నది కొట్టేశాను గానీ, నిజం చెప్పాలి, నాకు బాగా నచ్చిన ఒక వాక్యం మాత్రం ఉంచుకున్నాను. శాలువా తీసుకుని పెద్దాయన లేచేసరికి పుణ్యవతమ్మ చెయ్యెత్తి ఒక్క మాట చెప్తానంది.

సరిగ్గా అప్పుడు వాన దిగింది. గడ్డికప్పు కింద ఇరవై ఐదేళ్ళు వాన చప్పుడు ఎరగని సంఘం మాది. రేకుల మీద పడిన మొదటి వాన అది. కొండ మీంచి ఎవరో రాళ్ళ బండి బోర్లించినట్టు మోత. ఆమె పెదవులు కదులుతున్నాయి. ముందు చాపలో ఉన్న నాకు "నేరేడు" అన్న మాట, "క్షమించండి" అన్న మాట వినబడ్డాయి, అది కూడా నాకు ముందే తెలుసు కాబట్టి. చాలా తక్కువ మాటల్లోనే చెప్పింది. ఏడవలేదు. చెప్పి, తీర్పు వినడానికి నిలబడ్డదానిలా నిలబడింది.

"స్తోత్రం!" అని అరిచాడు వెనక నుంచి రాముడు, సాక్ష్యం చెప్పిందనుకుని. "స్తోత్రం! స్తోత్రం!" అని గుడంతా అందుకుంది. పెద్దాయన శాలువా కప్పేశారు.

ఆమె నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నీళ్ళలో పడిన మనిషి ఒడ్డున ఉన్నవాణ్ణి చూసే చూపు. నేను లేచి, "ఆమె అన్నది అది కాదు" అని అరవవలసింది. రాయగడ పెద్దలు ఉన్నారు, నా పత్రానికి మంచి పేరు వచ్చింది, కూర్చునే ఉన్నాను. ఇది నా భాగం. పాస్టరుగారు బల్ల అంచు పట్టుకుని నేల చూస్తున్నారు. అది ఆయన భాగం.

మర్నాడు పొద్దున్న బడికి వెళ్తూ ఆమె ఇంట్లోకి తొంగి చూశాను. పొయ్యి ముందు కూర్చుని ఉంది. డబ్బా ఖాళీగా పక్కన ఉంది. పళ్ళన్నీ నిప్పుల మీద పోసింది. అవి చిటచిటలాడి, ఉబ్బి, బుడగలు కక్కి, పాకం మాడినట్టు తియ్యటి పొగ వదులుతున్నాయి. వీధి సగం ఆ వాసన.

పాపాయమ్మ గుమ్మంలోకి వచ్చేసింది. "ఏటే ఒలే, శాలువా కప్పీసరికి ఒక్కదానివే పాయసం వొండుకుంతన్నావా?"

"పాయసం కాదే పాపాయీ. ఇలగ కూకో." పుణ్యవతమ్మ ఆమెకి అంతా చెప్పింది. పొయ్యి కదిపే కర్రతో నిప్పులు కదుపుతూ, మొహం ఎత్తకుండా చెప్పింది.

పాపాయమ్మ నోరు తెరుచుకుని వింది. "నేరేడా! అదీ సంగతి. ఏటా నీ రసం తాగినప్పుడల్లా నా నాలికే సెడిపోనాదేమో అనుకున్నాను గదే!" అని, తర్వాత ఉడుక్కుంది. "ఇన్నేళ్ళు పక్కింట్లో ఉండి నాకు సెప్పనేదు సూడు. నాను అంత పరాయిదాన్నా?"

"నీకే సెప్పకూడదనుకున్నాను. నువ్వు నవ్వుతావని."

"నవ్వుదును" అని ఒప్పుకుంది పాపాయమ్మ. "వొద్దన్నా నవ్వుదును."

ఆమె కాళ్ళ మీద పడలేదు. ఎంత గొప్ప మనిషివని అనలేదు. పొయ్యిలో మిగిలిన మసి చూసి, "పళ్ళు పాడు సేసినావు" అని మాత్రం అని వెళ్ళింది. పుణ్యవతమ్మకి దారి అక్కడ దొరికింది. గుడిలో నిలబడి చెప్పడం కాదు, ఆ రెండు ఆదివారాలు గిన్నె తాగి ఇంకా బతికి ఉన్నవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కరి దగ్గరకే వెళ్ళి చెప్పాలి. అక్కడ ఏడవడానికి వీలుండదు. ఒక ఇంట్లో పెసలు విసురుతూ విన్నారు. ఒక ఇంట్లో "అయితే ఇప్పుడేటంటావు?" అన్నారు. ఒకామె పదిరోజులు మాట్లాడడం మానేసింది. రాముడు మాత్రం తాను ఆ రెండుసార్లూ నిద్రపోయి గిన్నె దాటేశానని చెప్పి, అది ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. నేను ఇప్పుడు చెప్పేశాను, క్షమించాలి.

మన్మథరావుగారు కూడా ఆమె ఇంటికి వెళ్ళి పీట మీద కూర్చున్నారని విన్నాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఆ తర్వాత ఆయన ప్రసంగాలు కొంచెం పొట్టివయ్యాయి.

ఒక్క ఇల్లు మిగిలింది. గున్నయ్య ఇల్లు.

గున్నయ్య అప్పటికి గుడారిలో లేడు. కొడుక్కి రాయగడ పక్కన, జేకేపూర్‌లో కొత్తగా పెట్టిన కాగితాల మిల్లులో పని దొరికితే వాడితో వెళ్ళిపోయాడు. పుణ్యవతమ్మ వరి కోతలయ్యాక వెళ్తానంది. క్రిస్మస్ అయ్యాక అంది. కాలు నొప్పి అంది. ఒకరోజు బస్సు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. అరవై రెండు ఫిబ్రవరిలో నేను బడి పని మీద రాయగడ వెళ్తుంటే, "నన్నూ తీసుకెల్లండి. దారిలో దిగిపోతానంటే దిగనీకండి" అంది.

బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. కొంగు చివర ముడి వేయడం, విప్పడం. నదులు దాటాం, కొండలు దాటాం. మిల్లు కాలనీలో ఇళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. రెండు తప్పు గుమ్మాలు తట్టాం. ప్రతి తప్పు గుమ్మం దగ్గరా ఆమె "ఇక్కడ లేడేమో, ఎల్లిపోదాం" అంది. మూడో గుమ్మంలో గున్నయ్యే కూర్చుని ఉన్నాడు, పొద్దుటి ఎండలో కాళ్ళు చాపుకుని.

"ఓలమ్మ, పుణ్యవతీ! ఇదేటే ఇంత దూరం?"

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. సీసా, నేరేడు, పొట్లం, అంతా. "మీ నారాయణమ్మ ఆకరి బల్ల బావా అది. నా పేరు కోసం పాడు సేసేను. పొయ్యి కాడ కూకుంతే అదే మెదుల్తాది. నన్ను తిట్టాలంటే తిట్టీ. కొట్టినా నాను ఏటీ అనను."

గున్నయ్య చాపిన కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాడు. మిల్లు కూత వేసింది. పక్కింట్లో ఎవరో బకెట్టు చప్పుడు చేశారు. ఆయన దవడ కండరం కదులుతుంటే నాకు భయం వేసింది. ఆయన కోపం ఎరిగినవాణ్ణి.

"నేరేడో కిసిమిసో నాకు తెల్దు" అన్నాడు చివరికి. "దానికీ తెల్దు. ఆవేళకి దానికి రుసి పోయి పది రోజులు. గిన్నె పట్టుకోబోతే సెయ్యి వొణికింది. గిన్నె ఒలికిపోద్దని పాస్టరుగారు ఎనక్కి తగ్గేరు. నువ్వు సీసా కింద ఎట్టీసి వొచ్చి, దాని సెయ్యి నీ సేత్తో పట్టుకుని, తాగినంతసేపూ అలగే కూకున్నావు. తరవాత నీ కొంగుతో మూతి తుడిసేవు. నాను మొగుణ్ణి, నాకు తోసనేదు. పోయీముందు కూడా 'పుణ్యవతి సెయ్యి ఎచ్చగుంది' అంది. నాకు గేపకం ఉన్నది అదే."

పుణ్యవతమ్మ ఆయన్ని వింతగా చూసింది.

"నానా?" అంది.

"మరెవులు?"

"నాను పట్టుకోనేదు బావా. సీసా కింద ఎట్టలేదు. నాకు అలగేటీ గేపకం లేదు."

"నీకు లేకపోతే నానేటి సెయ్యను? కూకో. కాఫీ తాగుదువు గాని."

కూర్చుంది. కాఫీ తాగింది. తిరుగు బస్సులో కూడా మాట్లాడదనే అనుకున్నాను. గుడారి ఇంకో గంట ఉందనగా నా మోచెయ్యి పట్టుకుని, "ఆ ఆదివారం నా సీసా గేపకం ఉంది, రంగు గేపకం ఉంది, ఎవులెవులు పొగిడేరో వొరసగా సెప్పగలను. సెయ్యి పట్టుకున్నది గేపకం లేదు మాస్టారూ. మీరు సూసేరా?" అంది.

నేను చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ సమయంలో నేను తర్వాత చదవబోయే వచనాలు లోపల్లోపల గొంతుకి సరిచూసుకుంటూ ఉండి ఉంటాను.

"గున్నయ్య బావ అబద్ధం ఆడే మనిసి కాదు" అంది మళ్ళీ, తనలో తను. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అరచెయ్యి వైపూ వెనక వైపూ తిప్పి చూసుకుంది. అందులో ఏదో ఉండాలి, దొరకడం లేదు అన్నట్టు. "నాకు తెలీంది ఆయనకి తెలుస్తాదా?"

"ఎవరికమ్మా?"

ఆమె గడ్డంతో పైకి చూపించింది. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు రసం చేసేది పాపాయమ్మ. పుణ్యవతమ్మే నేర్పింది. పిసుకుతున్నంతసేపూ పాపాయమ్మ మాట్లాడుతూనే ఉంటుంది, ఈమె పక్కన కూర్చుని వడగట్టే గుడ్డ పట్టుకుంటుంది. మొన్న ఈస్టరుకి పాపాయమ్మకి జ్వరం వచ్చి సీసా మళ్ళీ పుణ్యవతమ్మ చేతికే వచ్చింది. పక్క గుమ్మంలోంచి వచ్చి, బల్ల మీద పెట్టి, గబగబా వెనక చాప మీదికి వెళ్ళిపోయింది. ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చింది, మొహంలో అదే పాత కంగారు.

"పక్క గుమ్మంలోంచి వొస్తే ఇంకా ఎక్కువ సూస్తన్నారు మాస్టారూ. తనని తాను ఎంత తగ్గించుకున్నాదో అనుకుంతన్నారు. నాకు వినబడింది. బాగుంది కూడాను. ఏటి సెయ్యాల?"

జవాబు కోసం నేను ఇంకా గొంతు సవరించుకుంటున్నాను, ఆమె నిలబడలేదు. మెట్ల దగ్గర ముసలి మల్లేశు చూపు ఆనక కాలితో మెట్టు వెతుక్కుంటున్నాడు. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని దింపుతోంది, తల నా వైపు తిప్పి, ఇంకా అదే అడుగుతూ.